స్లాబా, పెంకలా?

మా మేనమామ ఫోన్ చేశాడంటే రెండే కారణాలుంటాయి. ఎవరో పోయారు, లేదా ఎవరికో సంతకం కావాలి. ఈసారి మూడోది చెప్పాడు.

"మన మందిరం కూలగొట్టి స్లాబ్ ఏస్తమంటున్నరు పోరగాండ్లు. ముసలోళ్ళం వద్దంటున్నం. నువ్వు ఇంజనీరువు గదా బిడ్డా, ఒక్కసారొచ్చి చూసి చెప్పు. ఉంటదా, కూలుతదా?"

మందిరమంటే మా బాప్టిస్టు క్రైస్తవుల చర్చి. ఇక నేను, ఇంజనీర్నే. కాకపోతే చెరువుల ఇంజనీర్ని. ఉద్యోగమంతా కట్టలు, తూములు, మత్తళ్ళతోనే గడిచింది. పోయినేడు రిటైరయ్యాను. పెంకల కప్పు గురించి నాకు తెలిసిందల్లా డిప్లొమాలో చదివింది, ఇంకా మా నాయన ఇల్లు మరమ్మతు చేయించేటప్పుడు మేస్త్రీతో పోట్లాడింది. అదే మాట మామతో అంటే, "నీళ్ళను ఆపినదానివి, గోడ నిలవడ్తదో లేదో చెప్పలేవా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున్నే హన్మకొండలో బయల్దేరాను. మామునూరు, పంథిని, వర్ధన్నపేట దాటాక కుడివైపు మట్టిరోడ్డు. ఊరి పేరు రాయను. మందిరం మీద ఊళ్ళో ఇంకా పంచాయితీ నడుస్తోంది, నా రాతతో దాన్ని పెద్దది చేయడం ఇష్టం లేదు. పత్తి అప్పుడే మోకాలెత్తు లేచింది. నల్లరేగడి ముద్దముద్దగా కారు టైర్లకు అంటుకుంది. ఆ మట్టి సంగతి మళ్ళీ చెప్తాను, దోషి అదే.

మందిరం ఊరి చివర, మావాళ్ళ వాడలో ఉంటుంది. కొత్తవాళ్ళు చూస్తే పాత బడి అనుకుంటారు. ఒకప్పుడు బడి కూడా అక్కడే నడిచింది, మా అమ్మ ఓనమాలు దిద్దింది ఆ గచ్చు మీదే. గోపురం లేదు, గంటస్తంభం లేదు. పొడుగాటి గది, రెండు పక్కల వాలు కప్పు, మంగళూరు పెంకలు. అక్కడక్కడా పగిలిన చోట కుమ్మరి చేసిన గూన పెంక దూర్చారు. తలుపు పైన సున్నంలో ఉబ్బెత్తుగా తెలుగు అంకెల్లో కట్టిన సంవత్సరం ఉంది, 1931. ఇప్పటి పిల్లలకు ఆ అంకెలు రావు, అదేదో ముగ్గు అనుకుంటున్నారు. గంటకు బదులు వేపచెట్టుకు అడుగున్నర రైలుపట్టా ముక్క వేలాడుతుంది. అది కాజీపేట నుంచి ఎవరో "తెచ్చారట". ఎట్లా తెచ్చారని నేను అడగలేదు.

మామ ఆ పట్టా మీద ఇనుప కడ్డీతో కొట్టగానే వాడంతా కదిలింది. వందనాలు, వందనాలు అనుకుంటూ ఒక్కొక్కరూ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. ఆడవాళ్ళు ఎడమ, మగవాళ్ళు కుడి. కింద వరంగల్ కొత్తవాడ దర్రీలు, వాటి రంగు ఎప్పుడో వెలిసిపోయింది. కంజీర, డోలక్, రెండు జతల తాళాలు. మైకు ఉంది కానీ కరెంటు పోయింది. పోవడమే మంచిదైంది. ఆ గదిలో గొంతు ఎట్లా తిరుగుతుందో కరెంటు ఉన్న రోజుల్లో నేను ఎన్నడూ వినలేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు, మామూలుగా మాట్లాడినా చివరి వరసలో ఉన్న నాకు ప్రతి మాటా తెలిసింది. సున్నపు గోడ, కర్ర దూలాలు, పెంకలు కలిసి ఆ పని చేస్తున్నాయి. స్లాబ్ కింద ఇదే మాట గింగురుమంటుంది. ఇది నేను మనసులోనే రాసుకున్నాను, పోరగాండ్లకు చెప్తే నవ్వుతారు.

ఎదురుగా బలిపీఠం లాంటిదేమీ ఉండదు. ఒక జానెడు ఎత్తు గద్దె, దాని మీద బల్ల, బల్ల మీద బైబిలు. విగ్రహం, పటం, రంగుటద్దాల కిటికీ, ఏదీ లేదు. కిటికీలకు ఊచలు, ఊచల్లోంచి మేకలు. చిన్నప్పుడు మెదక్ చర్చి చూసొచ్చాక నాకు మా మందిరం మీద చిన్నచూపు ఉండేది. మనది ఇంత బీదగా ఎందుకుందని అమ్మమ్మను అడిగితే, "మనం మాటినెటోళ్ళం, బొమ్మలు చూసెటోళ్ళం కాదు" అంది. అది మా బీదతనాన్ని కప్పుకునే మాట అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాతే తెలిసింది, దాని వెనక మూడున్నర వందల ఏళ్ళ తగాదా ఉందని.

ఆ తగాదా నాకు తెలిసింది నా బిడ్డ వల్ల. అది ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో చదువుకుంటోంది. ఒక రోజు ఫోటో పంపి, "అమ్మా, ఇక్కడో ఊళ్ళో మన మందిరం ఉంది!" అని రాసింది. చూస్తే నిజమే. నున్నటి గోడ, పొడుగాటి కిటికీలు, పలకరించినట్టు మధ్యలో తలుపు, పైన కట్టిన సంవత్సరం. అచ్చం మాదే, వాళ్ళది రాయి, నల్లపలకల కప్పు, అంతే తేడా. చాపెల్ అంటారట. ఆ దేశంలో చర్చి వేరు, చాపెల్ వేరు. ఒకప్పుడు చర్చి రాజుది, చాపెల్ రాజు మాట విననివాళ్ళది.

1662లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. దేశంలో ప్రతి పాదిరీ ప్రభుత్వం అచ్చువేసిన ఒక్క ప్రార్థన పుస్తకం ప్రకారమే ఆరాధన చేయాలి, ఒప్పుకోనివాళ్ళు దిగిపోవాలి. రెండు వేల మంది దాకా దిగిపోయారు. జీతం పోయింది, ఇల్లు పోయింది. అట్లా ఒదగనివాళ్ళను నాన్‌కన్ఫార్మిస్టులన్నారు. బాప్టిస్టులు వాళ్ళలో ఒక తెగ. మెథడిస్టులు చాలా తర్వాత వచ్చి చేరారు. 1664లో ఇంకో చట్టం వచ్చింది, ఇంటివాళ్ళు కాక ఐదుగురో అంతకు మించో కూడి ఇట్లాంటి ప్రార్థన చేస్తే నేరం. మరుసటేడు మూడోది: మాట వినని బోధకుడు తాను పూర్వం బోధించిన ఊరికి ఐదు మైళ్ళ లోపలికి రాకూడదు.

ఐదు మైళ్ళు అనగానే నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఊరికి దూరంగా ఉండమనడం మాకు కొత్త కాదు కదా. వాళ్ళను నమ్మకం వల్ల ఊరవతల పెట్టారు, మావాళ్ళను పుట్టుక వల్ల. వాళ్ళకు చట్టం మారితే ఊళ్ళోకి దారి దొరికింది. మా వాడ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, మధ్యలో సీసీ రోడ్డు పడిందంతే. రెండింటినీ ఒకే గాట కట్టను. కానీ గోడల పోలిక ఊరికే వచ్చింది కాదని మాత్రం అనిపించింది.

1689లో వాళ్ళకు కొంత ఊరట దొరికింది. కూడుకోవచ్చు, కానీ స్థలాన్ని ముందే నమోదు చేయించాలి, కూడిక జరుగుతున్నంతసేపూ తలుపుకు గడియ వేయకూడదు. లోపల కుట్ర జరుగుతుందేమోనని వాళ్ళ భయం. ఇది చదివిన రోజు నుంచీ మా మందిరం తలుపు చూడాలని నాకు ఆత్రం. ఎందుకంటే దానికి లోపల గడియ లేదు, చిన్నప్పటి నుంచీ నాకు గుర్తే! చూడండి, సముద్రాలు దాటి వచ్చిన ఆనవాయితీ అని ఒక వ్యాసమే రాసుకున్నాను మనసులో. ఈసారి వెళ్ళి టార్చి వేసి చూస్తే తలుపు చెక్కకు నాలుగు మొలల బెజ్జాలున్నాయి. గడియ ఉండేది. చెక్కకు చెదలు పట్టి అది ఊడిపోయింది. వ్యాసం అక్కడితో ముగిసింది.

ఆ నమ్మకం ఇక్కడికి ఎట్లా వచ్చిందో మా వాడలో ప్రతి ముసలమ్మకూ తెలుసు, కాకపోతే తేదీలు ఉండవు. తేదీలు నేను చేరుస్తాను. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు గడ్డ మీద అడుగుపెట్టింది 1836లో, నెల్లూరులో కుదురుకుంది 1840లో. ఇరవై ఏళ్ళ పైన అక్కడ పని ముందుకు సాగలేదు, మూసేద్దామని కూడా అనుకున్నారు. తర్వాత ఒంగోలుకు క్లౌ దొర వచ్చాడు. ఈయనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. మతం వల్ల కాదు, ఆయన పూర్వం సర్వేయరు. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తనే తీసుకుని వేలమందికి పని పెట్టాడు. కరువు ఉన్నంతకాలం మాత్రం ఎవరు అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారంటారని. గండం గడిచాక 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ముంచారట. నేను కొలతల మనిషిని, లెక్క వేసి చూశాను. పన్నెండు గంటలు ఎడతెగకుండా చేసినా ఒక్కొక్క మనిషికి నలభై సెకన్లు దాటదు. మరుసటేడే, 1879లో, హన్మకొండలో మిషన్ మొదలైంది.

మా తాతమ్మ, అంటే అమ్మమ్మ వాళ్ళమ్మ, మునిగింది నదిలో కాదు, ఊరి చెరువులో. బాప్టిస్టులు పసిపిల్లల నెత్తిన నీళ్ళు చిలకరించరు. బుద్ధెరిగినవాళ్ళు నోటితో ఒప్పుకుని, మనిషి మొత్తం మునగాలి. అందుకే వాళ్ళకు మందిరం కన్నా ముందు నీళ్ళు కావాలి. ఓరుగల్లు సీమలో నీళ్ళకేం కొదవ, కాకతీయులు ఊరికో చెరువు తవ్వించి పోయారు. తూముకు ఎగువన లోతు తక్కువ, కింద మొరం, కాలు జారదు. అక్కడ ముంచేవాళ్ళు. చాకిరేవుకు ఇవతల. ఆ చోటు తగాదా లేకుండా ఏమీ దొరకలేదు. చెరువు మైలపడుతుందని ఊళ్ళో అన్నారని, రెండేళ్ళు తెల్లవారుజామున చీకట్లో ముంచారని అమ్మమ్మ చెప్పేది. "పసుల్ని కడిగితే మైల గాదు, మేం మునిగితే మైల!" అని చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అర్థం కాదు, నాకు కోపమే వస్తుంది.

2015లో మిషన్ కాకతీయ కింద నేను చూసిన చెరువుల్లో ఇది లేదు, వేరే డివిజన్‌ది. కానీ ఒకసారి సెలవు రోజు వచ్చి ఆ తూము దగ్గర నిలబడ్డాను. పూడిక తీసిన మొరం ఎర్రగా, తడిగా ఉండె. ఇప్పుడు అక్కడ ఎవరూ మునగరు. మందిరంలోనే గద్దె కింద సిమెంటు తొట్టి కట్టారు, మామూలు రోజుల్లో మీద పలకలు కప్పి ఉంటాయి. అయ్యగారు నిలబడి వాక్యం చెప్పేది ఆ తొట్టి మీదే.

ఇక అసలు పని. కూడిక అయ్యాక నిచ్చెన తెప్పించాను.

గోడలు రెండడుగుల మందం. రాయి, బురద, పైన డంగు సున్నం పూత. రాయికి ఏమీ కాలేదు. దూలాలు ఏడు, అన్నీ టేకు. ఐదు మోగుతున్నాయి, సుత్తితో కొడితే టంగుమంటున్నాయి. నైరుతి మూల రెండింటికి గోడలో దూరిన చివరలు మెత్తబడ్డాయి, స్క్రూడ్రైవర్ దిగింది. అదే మూలన గోడకు పైనుంచి కిందికి పగులు, బొటనవేలు దూరేంత కాదు, చిటికెనవేలు దూరేంత.

చేసిందెవరో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పదిహేనేళ్ళ కింద ఎవరో దాత డబ్బిస్తే బయటి గోడలకు సున్నం మీద సిమెంటు పూత పూశారు. పూసినవాళ్ళది మంచి మనసే. కానీ బురద గోడ ఊపిరి తీసుకుంటుంది, నేల తడిని పీల్చి బయటికి వదుల్తుంది. సిమెంటు దాని ముక్కు మూసింది. తడి లోపలే తిరిగి దూలం చివరల్లో చేరింది. దానికి తోడు ఆ మూలకే ఆనించి నల్లా పెట్టారు. బిందెలు పొంగిన నీళ్ళన్నీ అక్కడే ఇంకుతాయి. పునాది కింద నల్లరేగడి. తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నోరు తెరుస్తుంది. ఏడాదికోసారి మూల లేస్తుంది, కుంగుతుంది. గోడ పగలక ఏం చేస్తుంది?

(ఇసుక మీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడని బైబిల్లో ఉంది. మా వాళ్ళు వందసార్లు విన్న వాక్యం. ఇక్కడికి దగ్గర్లోనే రామప్ప గుడిని 1213 ప్రాంతంలో కాకతీయుల స్థపతులు ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు, ఎనిమిది వందల ఏళ్ళయింది. ఈ మాట ఒకసారి మా అయ్యగారితో అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది గోతిలో బిగించిన ఇసుకమ్మా, వాక్యంలోది వరదలో ఇసుక" అన్నారు. ఇంజనీరు కావలసిన మనిషి.)

కిందికి దిగి విషయం చెప్పాను. సిమెంటు పూత గీకేయాలి, సున్నం పూయాలి, నల్లా జరపాలి, రెండు దూలాల చివరలు కోసి అతకాలి, పెంకలు తిరగేయాలి. స్లాబ్ ఖర్చులో సగం కూడా కాదు. ఇంకో వందేళ్ళు ఉంటుందని గొంతు కొంచెం పెంచే అన్నాను. వారసత్వం అనే మాట కూడా వాడాను, తప్పైంది.

మా మామ మనవడి ఈడు పిల్లగాడొకడు లేచాడు. హైదరాబాదులో డెలివరీ పని చేస్తాడు, నెలనెలా కానుక పంపేది వాడే. "మేడం, మీరు హన్మకొండల స్లాబ్ ఇంట్లనే ఉంటరు గదా? వానొస్తే అమ్మలు కూసున్న పక్క కురుస్తది. సున్నం గానుగ ఆడే మేస్త్రీ ఏడున్నడు? మావోళ్ళకే పాతది మంచిగుంటదా?"

అందులో తప్పు పట్టడానికి ఏముంది? డోర్నకల్ చర్చి ఉంది. 1912లో ఆంగ్లికన్లలో, అంటే ఆ ఇంగ్లండు రాజు చర్చివాళ్ళలో, తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారు గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిపి కట్టించారు, 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, కాబట్టి కాపాడుకుంటారు. 1947లో ఆ బిషప్పు వాళ్ళూ, మెదక్ కట్టిన మెథడిస్టులూ కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. రాజు చర్చీ, రాజు మాట విననివాళ్ళ చాపెలూ ఇక్కడ ఒక్కటయ్యాయి. మా బాప్టిస్టులు అందులోనూ చేరలేదు. ఒదగకపోవడం మాకు అలవాటే. కాబట్టి మా గోడ మాదే, మా చందా మాదే. నా బిడ్డ చూసిన వేల్స్ ఊళ్ళో అయితే ఇంకో చాపెల్‌ని ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకున్నారట, గద్దె ఉన్న చోట వంటగది.

నేను ముసలివాళ్ళ వైపు చూశాను, వాళ్ళు నా పక్షం కదా. అందరికన్నా పెద్దామె, మా అమ్మమ్మకు చెల్లెలి వరస, మొదటి వరసలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను మందిరం పవిత్రత గురించి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"గది గుడి గాదు బిడ్డా, కూడెటి ఇల్లు. పడిపోతే యాపచెట్టు కింద కూడుతం. మీ తాతమ్మ మునిగిననాడు ఈ గోడలేడియి?"

"మరి వద్దంటున్నవెందుకు చిన్నమ్మమ్మా, కూలగొట్టుడు?"

"మా అమ్మ నెత్తిమీద మోసింది ఈ రాళ్ళు. కూలీ ఇయ్యలె, ఒక్కపూట గటక పోసిండ్రు. ఆ రాళ్ళు ట్రాక్టర్ల ఏసుకపోయి ఎవని పొలంగట్టుకో పోస్తరు. కొత్తది కడ్తే కట్టుండ్రి, ఆ రాళ్ళతోనే కట్టుండ్రి."

పిల్లగాడు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నా లెక్కలో రాయి గట్టిదా కాదా అన్నదే ఉంది, ఎవరు మోశారన్న కాలమ్ లేదు.

అన్నం టైమైంది. మామ ఇంట్లో కోడికూర, జొన్నరొట్టె. తింటూ ఒక ఒప్పందానికి వచ్చారు, నిజానికి అది వాయిదా. ఈ వానాకాలం చూద్దాం. పగులు పెరుగుతుంటే దించుదాం, ఆగితే మరమ్మతు చేద్దాం. నల్లా మాత్రం వెంటనే జరపాలి. జరపడానికి ఆ పిల్లగాడే ఒప్పుకున్నాడు.

పగులు కదులుతోందో లేదో చూడటానికి మా పాత పద్ధతి ఒకటుంది. పగులుకు అడ్డంగా పలుచటి గాజు ముక్క అతికించి తేదీ వేస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు టప్పున విరుగుతుంది. ఆదివారం ఆ ఊళ్ళో గాజు ఎక్కడ దొరుకుతుంది? మామ ఇంట్లో పగిలిన గోడద్దం ఉంటే దాన్నే మూడు ముక్కలు చేసి, కింద, నడుమ, పైన, సిమెంటు ముద్దతో అతికించాను. పక్కన పెన్సిల్‌తో తేదీ రాశాను. పిల్లలు ముట్టకుండా చూడమని రెండుసార్లు చెప్పి బయల్దేరాను.

దసరా అయ్యాక మొన్న మామ ఫోన్ చేశాడు. రెండు కారణాల్లో ఏదో అనుకుని గుండె దడదడలాడింది.

"అద్దాలు పగల్లె బిడ్డా, మూడూ మంచిగనే ఉన్నయ్."

"మంచిదే గద మామా."

"మంచిదే గానీ, నడుమ దానితోటి పరేశానుంది. ఆదివారం కూడికకొచ్చెటోళ్ళు మొత్తం దాని ముంగట నిలవడి తల దువ్వుకుంటున్నరు. ఆరాధన మొదలయ్యేవరకు పది దాటుతుంది."